ఇద్దరికీ ఒక్క తాళం

ఆ బ్రెడ్డు ఫ్యాక్టరీలో అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. మెట్లు దిగితే కమ్మీ వదిలేవాడు కాదు. టీ తాగితే ఊది ఊది చల్లార్చనిదే పెదవికి ఆనించేవాడు కాదు. "మా బావమరిది కలలో రోడ్డు దాటినా అటూ ఇటూ చూసే దాటుతాడు" అని బావ నలుగురిలో పెట్టి ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే ఆ జాగ్రత్తకు మురిసిపోయేవాడు కూడా. బావ అంటే అక్క మొగుడు. అమ్మానాన్నా పోయాక నిదానాన్ని పెంచింది ఆ అక్కే. పెళ్ళయ్యాక కూడా తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి మేడ మీద గదిలో ఉంచుకుంది. పెళ్ళీ పెటాకులూ లేని నిదానానికి ఆ అక్కా బావా, వాళ్ళ కూతురూ తప్ప వేరే లోకం లేదు.

బావా బావమరుదులిద్దరిదీ ఒకటే పని, పిండి కలిపే మిషను శుభ్రం చేయడం. మిషనంటే వంటింట్లో గట్టు మీద పెట్టుకునేది కాదు. ఇద్దరు మనుషులు లోపల నిలబడగలిగేంత ఉక్కు తొట్టి, దాని నడుమ తిరిగే లావుపాటి ఇనుప చేతులు. షిఫ్టు మారే వేళ దాన్ని ఆపి, లోపలికి దిగి, గోడలకు అట్టకట్టిన పిండిని గీకాలి. లోపల మనిషి ఉండగా బయట ఎవడో మిషను తిప్పితే ఏమవుతుందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. లోపలికి దిగే ప్రతివాడూ మెయిన్ స్విచ్చి ఆపి, దాని పిడికి తన సొంత తాళంకప్ప వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. ఎంతమంది దిగితే అన్ని తాళాలు. ఆఖరి తాళం ఊడేదాకా పిడి పైకి లేవదు. బయటికొచ్చినప్పుడు ఎవడి తాళం వాడు తీసుకుని మరీ కదలాలి. ఒకసారి ఎవడో తన తాళం స్విచ్చికే వదిలేసి ఇంటికి పోతే ఆ పూటంతా మిషను ఆగిపోయి మేనేజరు శివాలెత్తిపోయాడు. దిగితే వెయ్యి, ఎక్కితే తియ్యి. నిదానం చెయ్యి ఈ రెండు పనులూ ఎన్ని వేలసార్లు చేసిందో. చివరికి తల చెప్పనక్కర్లేకుండా దాని పని అది చేసుకుపోయేది.

ఒకరోజు బావ తన తాళం బట్టలు మార్చుకునే గదిలో మరిచిపోయి వచ్చాడు. ఆ గది ఫ్యాక్టరీకి ఆ చివర ఎక్కడో ఉంది.

"ఉండరా, వెళ్ళి తెచ్చుకుంటాను" అన్నాడు బావ.

"ఇప్పుడు అంత దూరం ఏం పోతావు? నాది వేశాగా. ఇద్దరికీ ఒక్కటి చాల్లే. చెవి నా జేబులోనే ఉంది. నేను బయటికి రాకుండా అది ఊడుతుందా?"

"రూలు ఒప్పుకోదేమోరా."

"రూలు నాకంటే నీకు ఎక్కువ తెలుసేంటి?"

బావ నవ్వేసి దిగాడు. ఆ మాట ఇంకెవడన్నా అని ఉంటే వినేవాడు కాదు. నిదానం అంతటివాడే చాలంటే ఇంకేం కావాలి! ఆ పూటకని మొదలైంది కాస్తా మర్నాడూ జరిగింది, ఆ మర్నాడూ జరిగింది, ఆపైన అలవాటైపోయింది. బావ తాళం ఆ గదిలోనే మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. చూసినవాళ్ళు చూడనట్టు పోయారు, వాళ్ళలో సగం మందిదీ అదే బాపతు కాబట్టి.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. ఒక పొద్దున్న లోపల గీకుతుంటే నిదానం చేతిలోని గీకుడు రేకు విరిగింది. "స్టోరుకెళ్ళి ఇంకోటి పట్టుకొస్తా, నువ్వా మూల కానిస్తుండు" అని బావకు చెప్పి పైకెక్కాడు. స్టోరువాడు ఇంకా వచ్చాడో లేదో, విరిగిన రేకుకు ఏం సంజాయిషీ అడుగుతాడో, ఇదీ అప్పుడు అతని తలలో ఉన్నది. చెయ్యి దాని పని అది చేసింది. జేబులోంచి చెవి తీసింది, తాళం తీసింది, రెంటినీ జేబులో వేసుకుంది. మిషను నడిపే మనిషి వచ్చి చూస్తే స్విచ్చికి తాళం లేదు. తాళం లేదంటే లోపల మనిషి లేడని అర్థం. అతను పిడి లేపాడు. స్టోరు కిటికీ దగ్గర నిలబడ్డ నిదానానికి తొడ మీద జేబు బరువు తగిలింది. అంత నిదానమైన మనిషి జీవితంలో పరుగెత్తింది అదొక్కసారే. అందలేదు.

విచారణకు పెద్దమనుషులు వచ్చారు. స్విచ్చి చూశారు, మేకుకున్న బావ తాళం చూశారు. నిదానాన్ని అడిగింది ఒక్కటే ప్రశ్న. బయటికొచ్చేటప్పుడు మీ తాళం మీరు తీసుకున్నారా? తీసుకున్నానన్నాడు. అది నిజమే కదా! అంతకుమించి వాళ్ళు అడగలేదు, ఇతను చెప్పలేదు. బతికున్నవాడు రూలు పాటించాడు, పోయినవాడు రూలు తప్పాడు, అంతటితో సరి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీళ్ళు మాత్రం చచ్చినవాడికి అసలు కళ్ళే లేవని తేల్చి, టీలు తాగి వెళ్ళిపోయారు.

అక్క ఏడవలేదు. అందరూ ఏడుస్తుందని ఎదురుచూశారు, ఆమె కళ్ళలోంచి చుక్క రాలలేదు. కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు ఆమెలో. "ఒక్క తాళం! ఒక్క తాళం వేసుకోడానికి ఒళ్ళు వంగలేదు మహానుభావుడికి! పెళ్ళాం ఉంది, పిల్ల ఉంది అని గుర్తుంటే కదా!" అని గిన్నెలు తోముతూ, గోడలతో పోట్లాడుతూ ఉండేది. తమ్ముడి కంచంలో వడ్డిస్తూ, "నువ్వయినా జాగ్రత్తపరుడివి కాబట్టి నాకు మిగిలావురా" అనేది. ఆ ముద్ద మింగాలి నిదానం. మింగలేక కక్కలేక రోజులు నెట్టాడు.

కొన్నాళ్ళకు కుడిచెయ్యి మొరాయించింది. తాళం ముట్టుకోబోతే వేళ్ళు బిగుసుకుపోయేవి. మేడ మీద గదికి తాళం వేయడం మానేశాడు. బస్సులో ఎవడి చేతిలోనైనా తాళంచెవులు గలగలమంటే తర్వాతి స్టాపులో దిగిపోయేవాడు. అన్నింటికంటే వింత ఇంకొకటి. మేనకోడలు రోజూ బడికి వెళ్తూ, "సాయంత్రం వస్తా మావయ్యా" అంటుంది. పిల్లలందరూ అనే మాటే. అది విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు చల్లబడిపోయేది. సాయంత్రం వస్తానని ఈ పిల్లకు ఎవరు మాటిచ్చారు? ఏ ధైర్యంతో అంటోంది?

మిషను దగ్గరికి పోలేని మనిషిని ఫ్యాక్టరీవాళ్ళు ఏం చేశారనుకున్నారు? కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పే పంతుల్ని చేశారు. గోడకు బావ తాళం ఫోటో పెద్దది చేసి అంటించారు. దాని పక్కన నిదానం నిలబడి, తాళం వేసుకోనివాడు ఎలా పోయాడో, వేసుకుని తీసుకున్నవాడు ఎలా మిగిలాడో చెప్పాలి. చెప్పాడు. కొత్తవాళ్ళు అతన్ని గౌరవంగా చూసేవాళ్ళు. ఒకడు పాఠం అయ్యాక దగ్గరికొచ్చి, "ఆ పోయినాయన కొంచెం నిర్లక్ష్యం మనిషాండీ?" అని అడిగాడు. నిదానం తల ఊపాడు. అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో అతనికే తెలియదు.

చెయ్యి చూపించుకోమని ఫ్యాక్టరీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన మాత్రలు రాసి, రోజూ అద్దం ముందు నిలబడి ‘ఇందులో నా తప్పేమీ లేదు’ అని పైకే అనుకోమన్నాడు. అనుకున్నాడు. అద్దంలోవాడు కూడా నమ్మలేదు. చెయ్యి లొంగకపోయేసరికి, మనసుకు వైద్యం చేసే ఒక పెద్దావిడ దగ్గరికి పంపారు. తను డాక్టరును కాదని ఆవిడ ఎంత మొత్తుకున్నా నిదానానికి ఆవిడ డాక్టరమ్మే. పళ్ళ డాక్టరుకు పై అంతస్తులో చిన్న గది, రెండు కుర్చీలు. ఒక కుర్చీ కాలి కింద మడతపెట్టిన అట్టముక్క. కింద ఎవరి పన్నో తొలుస్తున్న చప్పుడు మాట మాటకీ అడ్డొచ్చేది. మొదట్లో ఆవిడ పెద్దగా ఏమీ అడగలేదు, ఇతనూ ఏమీ చెప్పలేదు.

ఒకరోజు ఆవిడే మొదలుపెట్టింది. "ఆ రోజు ఏం జరిగింది?"

"చెయ్యి తాళం తీసిందమ్మా."

"మీరేం చేశారు?"

"నేనేం చెయ్యలేదు. చెయ్యే చేసింది. అలవాటు."

"అయితే మీరు అక్కడ లేరన్నమాట."

"ఉన్నానమ్మా!"

"ఉంటే ఏం చేశారు?"

నిదానానికి మండుకొచ్చింది. ఇదేం వైద్యం, పుండు మీద కారం చల్లడం! లేచి వెళ్ళిపోయాడు. కానీ మళ్ళీ వారం వచ్చాడు. అందరూ వెన్న రాస్తున్నచోట గిల్లేవాళ్ళు ఒకరున్నారంటే, ఎందుకో అక్కడికే వెళ్ళాలనిపించింది.

ఆ వారం మేనకోడలి మాట సంగతి చెప్పాడు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "మనమంతా ఆ మాట మీదే బతుకుతున్నామండీ. బతికుంటే వస్తా అనుకుని ఎవరూ గడప దాటరు. కింద నేల ఉందో లేదో చూసుకుని అడుగెయ్యం కదా. మీకు ఆ నేల ఒక్కసారి లేకుండా పోయింది. చుట్టూ వాళ్ళంతా ఉందనుకుని తిరుగుతుంటే మీకు వాళ్ళు వేరే జాతిలా కనపడుతున్నారు. ఇది మీకు పట్టిన పిచ్చి కాదు. ఉన్నదే మీకు కనపడింది. కనపడలేదని నటించమని నేను చెప్పలేను."

"మరెలా బతకాలమ్మా?"

"చూసినవాడిలా బతకాలి. అదెలాగో నాకూ పూర్తిగా తెలీదు."

"అందరూ తలరాత అంటున్నారు."

"తలరాతయితే మీ చెయ్యెందుకు బిగుసుకుంటుంది? రాసినవాడిది కదా బిగుసుకోవాలి."

నిదానానికి నవ్వొచ్చింది. నవ్వి చాలాకాలమైంది కాబట్టి నోరు వంకరపోయింది. "నా తప్పు లేదని మీరొక్కరే అనడం లేదు" అన్నాడు.

"అంటే నమ్ముతారా?"

"నమ్మను."

"మీదంటూ మీకు మిగిలింది ఆ తప్పొక్కటే. అందరూ కలిసి దాన్ని కూడా లాగేసుకుంటున్నారు. నన్నూ ఓ చెయ్యి వెయ్యమంటారా?"

అప్పుడు బయటపడింది. ఇద్దరికీ ఒక్కటి చాలన్న మాట, రూలు నాకంటే నీకు ఎక్కువ తెలుసా అన్న మాట, బావ నవ్వి దిగడం, అన్నీ వరసగా చెప్పేశాడు. "తాళం తీసింది చెయ్యి అయితే అయిందమ్మా. చాల్లే అన్నది మాత్రం నేను" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. కింద పళ్ళ డాక్టరు మిషను కూడా ఆగింది కాసేపు.

ఆవిడ ఓదార్చలేదు. మంచినీళ్ళ గ్లాసు జరిపింది. "చంపాలని చేసింది కాదు. కానీ చేసింది మీరే. ఈ రెండు మాటలూ కలిపి మొయ్యడం చాలా కష్టమండీ. అందుకే మనుషులు ఏదో ఒకటి కింద పడేస్తారు. నేను హంతకుణ్ణి అనుకుంటే అదో రకం సుఖం, నేనేం చెయ్యలేదు అనుకుంటే ఇంకో రకం సుఖం. జరిగిందాన్ని మీరు మార్చలేరు. ఇప్పుడు ఏం చేస్తారన్నది మాత్రం ఇంకా జరగలేదు."

ఆ మాట పట్టుకుని మర్నాడే మేనేజరు గదికి వెళ్ళాడు నిదానం. రెండు వాక్యాలు పూర్తికాకముందే మేనేజరు లేచి తలుపు మూశాడు. "పోయినోడు ఎలాగూ పోయాడు. ఫైలు మూసేశాం. ఇప్పుడు కెలికితే నీకేం వస్తుంది, నాకేం వస్తుంది? నీకు మంచి పేరుంది, పోగొట్టుకోకు. రేపు కొత్త బ్యాచీ వస్తున్నారు, పాఠం బాగా చెప్పు" అని భుజం తట్టి పంపాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ మాత్రం పిడికెడు కూడా ఎవరికీ అంటకుండా మొత్తం ఒక్కడి నెత్తినే పోశారు. వాడు లేచొచ్చి కాదనలేడనే ధీమా!

ఇక మిగిలింది అక్క. అక్కడ నోరు పెగల్లేదు. చెబితే ఆ ఇల్లు తనది కాదు, ఆ కంచం తనది కాదు, మావయ్యా అనే పిలుపు ఉండదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఉండగానే బావ పోయి ఏడాదైపోయింది.

ఒక సాయంత్రం మేనకోడలు సైకిలు వరండాలో పెట్టి, తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసింది. నిదానం మొహం తిప్పుకున్నాడు.

"చూశావా మావయ్యా, గట్టిగా లాగి చూశా. నేను నీలాగ. నాన్నలాగ కాదు."

"నాన్న మంచోడేనమ్మా" అన్నాడు.

"మంచోడేలే. కానీ మేమంటే అంత లెక్కలేదు కదా. అమ్మ చెప్పింది. లెక్కుంటే తాళం వేసుకునేవాడుగా!" అని ఆ పిల్ల చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. కోపం లేదు, బాధ లేదు. బడిలో నేర్చుకున్న లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

నిదానం మళ్ళీ వెళ్ళాల్సిన రోజు దాకా ఆగలేదు. డాక్టరమ్మ దగ్గరికి చెప్పాపెట్టకుండా పోయాడు. "అక్కకు చెప్పనా, వద్దా?"

"నేను చెప్పలేను."

"మరి మీరెందుకమ్మా ఇక్కడ కూర్చుంది? తవ్వమన్నారు, తవ్వాను. ఇప్పుడు గొయ్యి చూపించి మీ ఇష్టం అంటారా?"

"అవునండీ, మీ ఇష్టమే. అదే కదా వచ్చిన చిక్కు."

"చెబితే మనసు తేలికపడుతుందా? అదైనా చెప్పండి."

"పడకపోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ బరువు తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టడానికి చెబుతున్నారా, ఆవిడది ఆవిడకి తిరిగి ఇవ్వడానికి చెబుతున్నారా? ఏది చేసినా ఈసారి చేసింది మీరవుతారు, చెయ్యి కాదు."

ఆవిడ ఎంత చదువుకుందో ఏమో, ఆ మాటలు తప్పని అనలేం. కానీ తిరిగి ఇంటికెళ్ళి ఆ గడప తొక్కాల్సింది నిదానం ఒక్కడే. ఆ మెట్లు దిగుతూ ఆవిడనూ, ఫ్యాక్టరీనీ, తననూ కలిపి ఒక్క బూతుమాట అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం. పిల్ల స్నేహితురాలింటికి పోయింది. అక్క బల్ల మీద దుప్పటి పరిచి పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. నిదానం గుమ్మంలో నిలబడే చెప్పాడు. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"అక్కా, బావ తాళం మరిచిపోయింది ఒక్కరోజే. తెచ్చుకుంటానన్నాడు. నేనే వద్దన్నాను. ఇద్దరికీ నాదొక్కటి చాలన్నాను. ఆ తర్వాత రోజూ నా మాట మీదే దిగాడు. ఆ రోజు నేను పైకొస్తూ నా తాళం తీసేసుకున్నాను. తను లోపలున్నాడని మరిచిపోయాను."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. వైరు పీకింది. కాలరు మడత సరిచేసి, చొక్కా పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాడు, చెంప పగలగొడుతుందనుకున్నాడు. ఏడాదిగా ఈ ఘడియ కోసం అతను మనసులో ఎన్ని దెబ్బలు తిన్నాడో!

"విచారణలో చెప్పలేదేం?" అంది మామూలుగానే.

"వాళ్ళడగలేదు."

"నేనడిగాగా." ఆమె గొంతు అప్పుడు మారింది. "నేను రోజూ అడిగాగా! ఒక్క తాళం ఎందుకు వేసుకోలేదని ఈ గోడలనడిగా, ఈ గిన్నెలనడిగా. నువ్విక్కడే ఉన్నావుగా. నా చేతి కూడు తింటూ వింటూనే ఉన్నావుగా!"

ఆమె బల్ల మీది దుప్పటి లాగి మడతపెట్టసాగింది.

"తాళం సంగతి వదిలెయ్యిరా. అది పొరపాటు. మనిషన్నాక పరధ్యానం ఉంటుంది. నా తమ్ముడు కావాలని చెయ్యడని నాకు తెలీదా? వారం రోజులు గుండెలు బాదుకుని నిన్ను దగ్గరికి తీసుకునేదాన్నే. కానీ ఏడాదిపాటు నా నోటితో నా మొగుణ్ణి తిట్టించావు. పిల్ల చేత తండ్రిని చులకన చేయించావు. అది పొరపాటు కాదు కదా. రోజూ పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, వచ్చి నా ఎదురుగా కూర్చుని చేసిన పని అది."

ఏడాదిగా అతను తవ్వుకున్నదంతా ఒక పొద్దుటి సంగతి. ఒక చెయ్యి, ఒక తాళం, పైకెక్కిన ఆ కాస్త సేపు. డాక్టరమ్మ తవ్వించినదీ అదే. ఆ తర్వాతి రోజుల్ని ఇద్దరిలో ఒక్కరూ ముట్టుకోలేదు. వాటిలో చెయ్యి లేదు, అలవాటు లేదు, మరుపు లేదు. అన్ని రోజులూ అన్ని పూటలా అతనే ఉన్నాడు, తెలిసే ఉన్నాడు. తన తప్పు తను మోస్తున్నాననుకున్నాడు పాపం. మోసింది తప్పుడు మూట.

"అక్కా..."

"మాట్లాడకు. కాసేపు నన్ను ఆయనతో ఉండనీ."

నిదానం వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చాడు. వెనక తలుపు మూసుకుంది. తర్వాత లోపల్నుంచి ఒక అరుపులాంటిది వచ్చింది, అది ఏడుపని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. "ఏమండీ, ఎన్నెన్ని మాటలన్నానండీ మిమ్మల్ని" అంటూ ఆమె ఏడుస్తోంది. చిన్నప్పట్నుంచీ ఆమె ఏడిస్తే పరుగెత్తుకెళ్ళి కొంగు పట్టుకున్నవాడు. ఈ ఏడుపు దగ్గరికి మాత్రం తను వెళ్ళకూడదని అతనికి తెలిసింది.

అప్పుడే పిల్ల గేటు తీసుకుని వచ్చింది. లోపలి చప్పుడు విని ఆగిపోయింది.

"అమ్మ ఎందుకేడుస్తోంది మావయ్యా?"

"మీ నాన్న కోసమమ్మా."

"నాన్న కోసమా?" ఆ పిల్ల మొహంలో ఆశ్చర్యం, దాని వెనకే ఇన్నాళ్ళూ ఎవరో అడ్డుపెట్టి ఆపినదేదో కదిలింది. ఆ ఇంట్లో ఆ మనిషి కోసం ఏడవచ్చని దానికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. తలుపు వైపు పరుగెత్తింది. నిదానం పక్కకు జరిగి దారిచ్చాడు.